అమావాస్య నాటి రీస్టార్ట్

మస్తాన్ అంటే నాకు అసూయ. రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు దాచుకునే పని లేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు మాత్రం ఏం దాచుకున్నావని మా ఆయన అంటారు.

మేమిద్దరం నెల్లూరు తీరంలో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో పనిచేశాం. ప్లాంటు సముద్రానికి దగ్గర. రైతుల దగ్గర రొయ్యలు తూచి కొనే కేంద్రాలు జువ్వలదిన్నె వైపు నుంచి గూడూరు అవతల దాకా ఉండేవి. హెడ్ ఆఫీసు చెన్నైలో. వీటన్నిటిలో ఉన్న కంప్యూటర్లకీ, కాంటా పక్కన బరువు నమోదు చేసే లాప్‌టాప్‌లకీ, వాటిలోని బ్రౌజర్లకీ అప్‌డేట్లు సమయానికి అందేలా చూడటం నా పని. పాడైన మెషీన్ని బాగుచేయడం మస్తాన్ పని.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, మేడమ్, ఏ కోర్సు చేయాలి, ఏ సర్టిఫికెట్ ఉంటే మంచిది అని. కోర్సుల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. ఈ పని మనిషిని ఏం చేస్తుందో మాత్రం నేను చెప్పగలను. నన్ను అసూయపరురాలిని చేసింది.

ఎందుకో చెప్తాను. మస్తాన్ పని మెషీన్ ఆగిపోయాక మొదలవుతుంది. అందరూ తలపట్టుకుని కూర్చున్నప్పుడు అతను బండి మీద వస్తాడు. దిగకముందే ఎవరో టీ చెప్తారు. స్క్రూలు విప్పుతాడు, దుమ్ము ఊదుతాడు, ఏదో జోకు వేస్తాడు, మెషీన్ లేస్తుంది. అందరి ముఖాలూ వెలిగిపోతాయి. నా పని మెషీన్ ఆగకుండా చూడటం. ఆగని మెషీన్ని చూసి ఎవరూ టీ చెప్పరు.

ఒకసారి ఇద్దరం కలిసి ఒక కొనుగోలు కేంద్రానికి వెళ్ళాం. జీపు దిగగానే అక్కడ వంట చేసే ఆవిడ, "మస్తానన్నా, నీ కోసరం రొయ్యల వేపుడు ఎత్తిపెట్టినా" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మీరు తింటారా మేడమ్?" అని అడిగింది. తింటానన్నాను. అతని ప్లేటులో పడ్డన్ని నా ప్లేటులో పడలేదు. లెక్కపెట్టలేదు గానీ, కంటికి తెలుస్తుంది కదా. నేను ప్లేటుతో కూర్చోబోతుంటే లోపలి నుంచి ఒక గొంతు వినపడింది: "మేడమ్ వచ్చినాది, చేసిందంతా సేవ్ చేసుకోండి రా."

చెన్నై వారి మంగళవారం

అప్‌డేట్ల సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా లోపాలు బయటపడుతూనే ఉంటాయి. వాటిని పూడ్చడానికి తయారుచేసినవాళ్ళు అప్‌డేట్లు పంపుతూనే ఉంటారు. పూడ్చని చోటునుంచి దొంగలు లోపలికి వస్తారు. బ్రౌజర్లకైతే ఇవి మరీ తరచుగా వస్తాయి. ఇంట్లో ఒక్క ఫోన్ అయితే మీరే నొక్కుకుంటారు. ఊరూరా మెషీన్లు ఉన్న కంపెనీలో ఎవరిది వాళ్ళని నొక్కుకోమంటే, 'తర్వాత' అన్న బటన్ తప్ప ఇంకేదీ నొక్కరు. అందుకే ఒకచోట కూర్చుని అన్నిటికీ పంపే మనిషి కావాలి. ఆ మనిషిని నేను.

అన్నిటికీ ఒకేసారి పంపకూడదు. ముందు కొన్నిటికి పంపి, ఏమైనా తేడా చేస్తుందేమో చూసి, తర్వాతే మిగతావాటికి పంపాలి. ఆ ముందు పంపే గుంపులో ఏ మెషీన్లు ఉండాలన్న దగ్గరే పెద్దవాళ్ళు కూడా బోల్తా పడతారు. మా చెన్నై పెద్ద పార్థసారథి గారు మేనేజర్ల లాప్‌టాప్‌లు పెట్టమన్నారు. అవి కొత్తవి, ఖరీదైనవి, ఎప్పుడూ ఏసీలో ఉండేవి. వాటి మీద ప్రతి అప్‌డేటూ పూలరథంలా సాగిపోయేది. ఒకసారి అలాగే సాగిపోయిన అప్‌డేట్ ప్లాంటులో లేబుళ్ళు అంటించే గదికి వెళ్ళేసరికి, అక్కడి ముసలి ప్రింటర్ మూగబోయింది. డబ్బాలు పేరుకుపోయాయి. లేబుల్ లేని డబ్బా గుమ్మం దాటకూడదు. మస్తాన్ వచ్చి ఆ ప్రింటర్ని నడిపే పాత డ్రైవర్ ప్రోగ్రామ్ వెతికి వేశాడు. ఆ రోజు అతనికి టీతో పాటు మిరపకాయ బజ్జీలు కూడా వచ్చాయి.

అప్పటి నుంచి నేను ప్లాంటులో అన్నిటికంటే పాత, అన్నిటికంటే మురికి, అన్నిటికంటే మొండి మెషీన్లని ఏరి ముందు గుంపులో పెట్టాను. మీరూ అదే చేయండి. మంచి మెషీన్ మీద పరీక్ష చేయడం అంటే బలంగా ఉన్నవాడికి మందు ఇచ్చి పనిచేసిందని సంబరపడటమే.

చెన్నై వారితో నాకు రెండో తగాదా వేళ గురించి. మంగళవారం రాత్రి అందరూ నిద్రపోయాక అప్‌డేట్ వెళ్ళాలి, మెషీన్ దానంతటదే రీస్టార్ట్ కావాలి, పొద్దునకి సిద్ధంగా ఉండాలి. కాగితం మీద చక్కగా ఉంది. కానీ మా తీరంలో ఒక అలవాటు ఉంది. ఉప్పు గాలికి స్విచ్‌బోర్డుల్లో రాగి పచ్చబడిపోతుంది, అప్పుడప్పుడు నిప్పురవ్వలు వస్తాయి. అందుకని కేంద్రాల్లో షెడ్డు మూసేవాళ్ళు చివరగా చేసే పని లాప్‌టాప్‌లు మూసేసి మెయిన్ స్విచ్ ఆపేయడం. దీపం ఆర్పినంత మామూలుగా ఆపేస్తారు. రాత్రి నేను పంపిన అప్‌డేట్ అందుకోవడానికి అక్కడ ఒక్క మెషీనూ మేలుకుని ఉండదు.

అందుకోని అప్‌డేట్ ఊరుకోదు. మర్నాడు మెషీన్ ఆన్ చేయగానే మొదలవుతుంది. మర్నాడు అంటే ఎప్పుడు? గుంటలో రొయ్యల పట్టుబడి అయ్యి, ఐసు డబ్బాలతో రైతు బండి కాంటా దగ్గర నిలబడినప్పుడు. రైతు చూస్తుంటాడు, ఐసు కరుగుతుంటుంది, తెర మీద గుండ్రం తిరుగుతుంటుంది. ఆ గుండ్రాన్ని చూసినప్పుడల్లా తీరం పొడుగునా జనం నన్నే తలచుకునేవాళ్ళు. ఎలా తలచుకునేవాళ్ళో రాయక్కరలేదు.

ఇది ఆపమని పార్థసారథి గారికి మెయిల్ మీద మెయిల్ పెట్టాను. కంపెనీ అంతటికీ ఒకటే పద్ధతి ఉండాలని ఆయన జవాబు. మెయిన్ ఆపొద్దని కేంద్రాలకి మెయిల్ పెట్టాను. ఎవరూ చదవలేదు. మెయిల్ పెట్టడం అంటే చెప్పడం కాదని నాకు అర్థమయ్యేసరికి సగం సర్వీసు అయిపోయింది.

కంటెయినర్ ఆగిన పొద్దు

ఎగుమతి కాగితాలు ఆన్‌లైన్‌లో ఇచ్చే సైటు ఒకటి ఉంటుంది. ఆ కాగితం చేతికి రాకుండా కంటెయినర్ ప్లాంటు గేటు దాటదు. ఒక రోజు పొద్దున డిస్పాచ్ గదిలో సైటు తెరిస్తే, మీ బ్రౌజర్ పాతది, ఇక్కడ పనిచేయదు అని వచ్చింది. పక్క మెషీన్‌లో చూశారు, అదే మాట. ఆ గదిలో ఉన్న మెషీన్లన్నీ అదే మాట. బయట కంటెయినర్ సీలు వేసి ఉంది. డ్రైవర్ సీట్లో కూర్చుని హారన్ మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఓడ ఎవరి కోసమూ ఆగదు.

ప్లాంటు మేనేజర్ రమణారెడ్డి గారు పై అంతస్తులో ఉన్న నాకు ఫోన్ చేశారు. "ఏందమ్మా సుజాతా, మళ్ళా ఏం అప్‌డేట్ పంపినావు?"

పంపినందుకు వచ్చిన గొడవ కాదది, అందనందుకు వచ్చింది. ఆ మాట చెప్పేలోపే ఆయన ఫోన్ పెట్టేశారు. నా దగ్గర నుంచే ఆ మెషీన్లకి కొత్త బ్రౌజర్ పంపబోయాను. అన్ని గదులూ పలికాయి, ఆ ఒక్క గది పలకలేదు. కిందికి పరుగెత్తాను. నేను మెట్లు దిగేసరికి మస్తాన్ అక్కడే ఉన్నాడు. పెన్‌డ్రైవ్‌లో కొత్త బ్రౌజర్ తెచ్చి ఒక్కో మెషీన్‌లో వేస్తున్నాడు. మొదటి మెషీన్‌లో సైటు తెరుచుకుంది. కాగితం వచ్చింది. కంటెయినర్ గేటు దాటింది.

చప్పట్లు కొట్టారు. రమణారెడ్డి గారు అతని భుజం మీద చెయ్యి వేసి, గదంతా వినపడేలా అన్నారు: "ఈ అప్‌డేట్ల పని కూడా ఇకమీద నువ్వే చూసుకో మస్తానూ. ఆమె వల్ల కావడం లేదు."

నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆయన నన్ను చూశారో లేదో తెలియదు. మస్తాన్ చూశాడు.

నాకు కళ్ళలో నీళ్ళు రాలేదు. అసూయ భగ్గుమంది. జీతం గురించి కాదు, కుర్చీ గురించి కాదు. ఎవరి కంటికీ కనపడకుండా ఇన్నేళ్ళు చేసిన పని అది. దాన్ని తీసుకెళ్ళి, అందరి కంటికీ కనపడే మనిషి చేతిలో పెట్టబోతున్నారు. వేపుడు అతనికే, చప్పట్లు అతనికే, ఇప్పుడు నా పని కూడా అతనికే.

ఎవరు ఆపారు

పైకి వెళ్ళి, ఆ గది మెషీన్లు ఎందుకు పలకలేదో వెతికాను. వెతకడం అంత కష్టం కాదు. వాటిలో అప్‌డేట్లు ఎవరో ఆపేశారు. రాత్రిళ్ళు అందని మెషీన్ల మధ్య కలిసిపోయి ఇన్నాళ్ళూ అవి నా కంట పడలేదు. ఎవరి లాగిన్‌తో ఆపారో కూడా ఉంది. మస్తాన్ లాగిన్. ఒక్క డిస్పాచ్ గదిలోనే కాదు, చాలా కేంద్రాల కాంటా లాప్‌టాప్‌లలో కూడా.

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం గురించి చెప్పకుండా ఉంటే మీకు అబద్ధం చెప్పినట్టే. అతను ఆర్పిన మంట అతను పెట్టిందే. ఇక చూడండి అనుకున్నాను. వెంటనే రమణారెడ్డి గారి దగ్గరికి పోవాలని లేచాను. కానీ ముందు మస్తాన్ ముఖం ఎలా వాడిపోతుందో చూడాలనిపించింది. మస్తాన్‌ని పైకి పిలిచాను.

మస్తాన్‌ది నెల్లూరులో గడియారాలు బాగుచేసే కుటుంబం. నాన్న గడియారం ఇప్పటికీ అతని చేతికి ఉంటుంది. ఏ మాట అడిగినా ముందు దాన్ని చూసుకుని తర్వాత జవాబు చెప్పే అలవాటు. ఆ రోజూ అలాగే చూసుకున్నాడు.

"అవునక్కా, నేనే ఆపినా" అన్నాడు.

"ఎందుకు?"

"వాళ్ళు అడిగినారు. కాంటా దగ్గిర బండి నిలబడి ఉంటాది, మిషన్ చూస్తే తిరగతా ఉంటాది. అన్నా, నీకు దణ్ణం పెడతా, దీన్ని ఆపెయ్ అంటారు. కాదని ఎట్ట చెప్పేది? డిస్పాచ్‌లో కూడా అట్నే. ఒకసారి అప్‌డేట్ అయినాక, కాగితాల మీద డిజిటల్ సంతకం పెట్టే వాళ్ళ పెన్‌డ్రైవ్ పనిచెయ్యలా. అప్పుట్నుంచి భయపడి ఆపమన్నారు."

"నాకు చెప్పాలని తెలియలేదా?"

"చెప్తే నువ్వు ఒప్పుకుంటావా?"

ఒప్పుకోను. అది మా ఇద్దరికీ తెలుసు. ఇంకొకరి మెషీన్‌లో రక్షణ ఆపేయడం ఎంత మంచి మనసుతో చేసినా తప్పే. పిల్లలకి ఈ ఒక్క విషయంలో నా మాట కఠినంగానే ఉంటుంది. జనం బతిమాలితే కరిగిపోయే గుణం బాగుచేసేవాడిలో ఉండాలి, కాపలా కాసేవాళ్ళలో ఉండకూడదు.

"పద, రెడ్డి గారికి చెప్దాం" అన్నాను.

"నువ్వెందుకక్కా, నేనే చెప్తా" అని లేచి వెళ్ళిపోయాడు. నేను వెనకే పరుగెత్తాను. ఆ సీను నేను లేకుండా జరిగిపోకూడదు.

రమణారెడ్డి గారి ముందు మస్తాన్ ఒక్క ముక్క కూడా దాచలేదు. ఆ మెషీన్లలో అప్‌డేట్లు తనే ఆపానన్నాడు, పొద్దున జరిగిన గొడవకి కారణం తనేనన్నాడు, మేడమ్ తప్పేమీ లేదన్నాడు. నేను రెడ్డి గారి ముఖం వైపే చూస్తున్నాను. ఆయన నా వైపు తిరిగారు.

"చూసినావా సుజాతా, మనిషి అంటే అట్టుండాల. ఎవురు ఒప్పుకుంటారు ఈ కాలంలో?"

తప్పు ఒప్పుకున్నందుకు కూడా మెచ్చుకోలు అతనికే. ఆ గదిలో నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అయితే రెడ్డి గారి మాటంటే మాటే, మనిషి న్యాయంగా కూడా ఉంటారు. నన్ను కూర్చోమని, "సరే, ఒక నెల నీకే వదిలిపెడతా. మిషన్లన్నీ కొత్తగా ఉండాల, ఒక్క కాంటా కూడా తూకం మధ్యలో ఆగకూడదు. ఆగిందంటే ఆ పని మస్తాన్‌దే. తర్వాత నన్ను అనొద్దు" అన్నారు.

పెంచలయ్య కాంటా

రాత్రి పంపితే అందదు. పొద్దున పంపితే కాంటా ఆగుతుంది. పంపకపోతే కంటెయినర్ ఆగుతుంది. ఈ మూడింటి మధ్య తలతిరిగి, ఆఫీసులో కూర్చుంటే తేలేది కాదని జువ్వలదిన్నె వైపు కేంద్రానికి వెళ్ళాను. ఎలా తూస్తారో, ఎక్కడ తీరిక దొరుకుతుందో పక్కన కూర్చుని చూడాలని.

వెళ్ళేసరికి అక్కడ ఒక్క బండి లేదు. కాంటా మీద గోనెపట్టా కప్పి ఉంది. ఐసు ముక్కలు చేసే మెషీన్ ఊరికే గుర్రుమంటోంది. రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళు నీడలో కూర్చుని ఒకరికొకరు పేలు చూసుకుంటున్నారు. కేంద్రం చూసే పెంచలయ్య లాప్‌టాప్‌లో పాటలు పెట్టుకుని కాళ్ళు చాపుకున్నాడు. నన్ను చూసి కాళ్ళు దించాడు.

"ఏంది పెంచలయ్యా, ఈ రోజు సెలవా?"

"సెలవేంది మేడమ్, అమావాస్య గదా. రొయ్య గుల్ల విడిచి ఉంటాది, మెత్తగా. ఇప్పుడు పట్టినారంటే రేటు సగానికి పడిపోతాది. ఎవురు పడతారు?"

"మరి నువ్వెందుకు వచ్చినావు?"

"హాజరు పడాల గదా. మేమంతా వస్తాం, సాయంత్రం దాకా కూర్చుంటాం, పోతాం."

ఈ మాట నాకు తెలియనిది కాదు. రొయ్యల కంపెనీలో గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా తెలుసు. అమావాస్య, పౌర్ణమి వస్తే రొయ్యలు పైపెంకు, అదే గుల్ల, వదులుతాయి, రైతు పట్టుబడి వాయిదా వేసుకుంటాడు, ప్లాంటులో డబ్బాలు తగ్గుతాయి. ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాను. కానీ అది రొయ్యల సంగతి, నాది కంప్యూటర్ల సంగతి అనుకుంటూ బతికాను. కాళ్ళు చాపుకున్న పెంచలయ్యని, ఆన్‌లో ఉన్న ఆ లాప్‌టాప్‌ని కలిపి చూశాక రెండూ ఒకే సంగతి అని వెలిగింది. మెయిన్ ఆన్‌లో ఉంది. మనుషులు మెషీన్ ముందే ఉన్నారు. కాంటా దగ్గర గింజంత పని లేదు. నేను ఇన్నాళ్ళూ వెతుకుతున్న వేళ పట్టపగలు, గోనెపట్టా కప్పుకుని నా ముందే ఉంది.

అక్కడ గోడకి వేలాడుతున్న క్యాలెండర్లో తిథులు చూసి అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను. మామూలు అప్‌డేట్లు అమావాస్యకి ఒకసారి, పౌర్ణమికి ఒకసారి, మధ్యాహ్నం అన్నం వేళకి. ఈ రెండింటి మధ్య ఆగలేనంత ప్రమాదకరమైనవి ఏవైనా వస్తే మాత్రం చందమామని చూస్తూ కూర్చోకూడదు. అదే రోజు ముందుగా ఫోన్ చేసి చెప్పి పంపాలి. అలాంటివి తరచుగా రావు.

చెన్నైకి ఫోన్ చేశాను. పార్థసారథి గారు అంతా విన్నారు.

"సుజాతా, ఆడిటర్ వచ్చి షెడ్యూల్ అడిగితే పౌర్ణమి అని చెప్పమంటావా?"

"పని తక్కువ ఉండే రోజులని చెప్పండి సార్. అబద్ధం కాదు కదా."

ఆయన నిట్టూర్చి ఒప్పుకున్నారు. నా జీవితంలో నేను అంత బాగా ఇంకేదీ ఆలోచించలేదు. ఈ ఆలోచన అచ్చంగా నాది. ఎవరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో నాలో నేనే నవ్వుకున్నాను.

మస్తానన్న అమావాస్య

ఒక్కటే అడ్డం. మస్తాన్ ఆపిన మెషీన్లలో మళ్ళీ అప్‌డేట్లు మొదలుపెట్టాలి. దానికి కేంద్రాలవాళ్ళు ఒప్పుకోవాలి, ఆ మధ్యాహ్నం మెయిన్ ఆపకూడదు, 'తర్వాత' నొక్కకూడదు. నేను చెప్తే ఎవరు వింటారు? నా పేరు వింటేనే సేవ్ చేసుకోవడం మొదలుపెట్టే జనం. వాళ్ళు వినేది ఒక్కడి మాటే.

నా పని నా దగ్గరే ఉండాలంటే, అది ఎవరికి పోతుందోనని భయపడుతున్నానో ఆ మనిషినే సాయం అడగాలి. రెండు రోజులు అడగలేదు. మూడో రోజు క్యాంటీన్లో అతని ముందు కూర్చుని, అన్నం కెలుకుతూ అడిగాను.

"ఇది కుదరకపోతే ఈ పని నీకే వస్తుంది, తెలుసుగా?"

"తెలుసక్కా."

"అయినా చేస్తావా?"

గడియారం చూసుకున్నాడు. "నాకెందుకక్కా ఆ పని? రోజంతా తెర ముందు కూర్చోని ఏమీ జరక్కుండా చూసుకోవాల. నా వల్ల కాదు" అన్నాడు. దయతో అన్నాడో నిజంగానే అన్నాడో తెలియదు. దయ అయితే అదీ నాకు కంటగింపుగానే ఉంటుంది.

బండి మీద తీరమంతా తిరిగాడు. ఒక్కో కేంద్రంలో టీ తాగి, వేపుడు తిని, "అమావాస్యకీ, పున్నానికీ అన్నం తినేటప్పుడు మిషన్ తిరగతాది, దాన్ని తాకమాకండి, లేచి చూసేతలికి అయిపోయుంటాది" అని చెప్పాడు. సరే అన్నారు. నా మెయిళ్ళన్నీ కలిపి చేయలేని పని అతను టీ కప్పులతో చేశాడు. ఇది నాకు నచ్చకపోయినా మీరు నేర్చుకోండి. మెషీన్లని ఒక గదిలోంచి నడపవచ్చు, వాటి ముందు కూర్చునే మనుషులని నడపలేం.

ఆ నెలలో ఒక్క కాంటా కూడా తూకం మధ్యలో ఆగలేదు. డిస్పాచ్ గదికి కొత్త బ్రౌజర్ పంపేముందు వాళ్ళ సంతకం పెన్‌డ్రైవ్‌ని ముందు గుంపులో పెట్టి చూసుకున్నాను. మెషీన్లన్నీ నా తెర మీద పచ్చగా కనపడ్డాయి. మా ఊరు కోవూరులో నారుమడి కూడా అంత పచ్చగా చూడలేదు నేను.

నెల తిరిగాక రమణారెడ్డి గారు మీటింగులో అన్నారు: "ఈ అమావాస్య ఐడియా భలేగా పనిచేసిందిరా మస్తానూ."

"నాది కాద్సార్, అక్కది" అన్నాడు మస్తాన్.

"చూసినారా, పేరు కూడా తనకి వద్దంటాడు" అన్నారు రెడ్డి గారు. గదంతా మెచ్చుకోలుగా నవ్వింది.

పని నాకే మిగిలింది. పేరు మాత్రం అతనికి అతుక్కుపోయింది. తీరం పొడుగునా దాన్ని 'మస్తానన్న అమావాస్య' అన్నారు. కొత్తగా చేరినవాళ్ళకి పాతవాళ్ళు చెప్పేవాళ్ళు, మస్తానన్న అమావాస్య రోజు మిషన్ ముట్టుకోమాకండి అని. నేను ఎన్నోసార్లు పక్కనే నిలబడి విన్నాను. సరిదిద్దలేదు. సరిదిద్దితే ఇంకా చిన్నబోతాను కదా.

మైకు

నా రిటైర్మెంట్ సభ ప్లాంటు కింది హాల్లో పెట్టారు. పని తక్కువ ఉండే రోజు చూసి పెట్టారు. అంటే ఏ రోజో మీకు తెలుసు. పెంచలయ్య కూడా కేంద్రంలో కాంటా కప్పేసి వచ్చాడు.

రమణారెడ్డి గారు లేచి మైకు అందుకున్నారు. "మా సుజాత గురించి చెప్పాలంటే..." అనగానే మైకు ఆగిపోయింది. హాలంతా వెనక్కి తిరిగింది. ఎవరి కోసం తిరిగిందో చెప్పాలా? మస్తాన్ వెనక వరుసలోంచి వచ్చి, వైరు చివర విప్పి, పాడైన ముక్క పళ్ళతో కొరికి తీసి, మళ్ళీ బిగించాడు. మైకు పలికింది. చప్పట్లు. నా సభలో ఆ రోజు అంతకంటే గట్టి చప్పట్లు ఇంకోసారి పడలేదు. శాలువా కప్పినప్పుడు కూడా పడలేదు, నేను పోల్చి చూసుకున్నాను.

రెడ్డి గారు అందుకున్నారు. "ఏం చెప్పేది? ఆమె చివరి ఏళ్ళంతా ఏ గొడవా లేకుండా పోయింది. అదృష్టవంతురాలు."

అదృష్టం. ఇన్నేళ్ళకి నా పనికి దొరికిన పేరు అది. నవ్వుతూ చేతులు జోడించాను.

అన్నాలు ఆలస్యమయ్యాయి గనుక సభ మధ్యలోనే అప్‌డేట్ల వేళ వచ్చింది. హాలు పక్కన రిసెప్షన్‌లో కంప్యూటర్ తెర నల్లబడింది. అద్దాల అవతల డిస్పాచ్ గదిలో తెరలు ఒకటి తర్వాత ఒకటి నల్లబడ్డాయి. గుండ్రాలు తిరగడం మొదలైంది. తీరమంతటా ఇప్పుడు ఇలాగే తిరుగుతూ ఉంటాయి. హాల్లో ఒక్కరూ అటు చూడలేదు. రెడ్డి గారు ఏదో జోకు చెప్తున్నారు, అందరూ నవ్వుతున్నారు.

ఒక్కడే నవ్వడం లేదు. మస్తాన్ ఆ వైరు ముక్క చేతిలో పట్టుకుని, అద్దాల అవతలి తెరలనే చూస్తున్నాడు. మధ్యలో ఒకసారి గడియారం చూసుకున్నాడు. తెరలన్నీ మళ్ళీ వెలిగి లాగిన్ అడిగేదాకా కదలలేదు. ఆ తర్వాత జేబులోంచి ఫోన్ తీసి ఎవరికో ఏదో రాసి, జవాబు చూసుకుని, నా కుర్చీ దగ్గరికి వచ్చి వంగాడు.

"అన్నీ వచ్చినాయక్కా. కేంద్రాల్లో కూడా."

"నీకెందుకు ఆ సంగతి?" అన్నాను. కొంచెం కటువుగానే వచ్చింది మాట.

"నేను చూస్తా ఉంటా గదా."

"ఈ రోజా?"

"ప్రతి అమావాస్యకీ, పున్నానికీ. ఆ వేళకి ఏదో ఒక కేంద్రానికి దగ్గిర్లో ఉంటా. ఒక్కటి లేవకపోయినా నీకు మాటొస్తాది గదా. ఇంతవరకు ఒక్కటి కూడా నన్ను పిలవలా." వైరు ముక్కని వేలికి చుట్టుకుంటూ, "నువ్వు చేసేది చూడటానికి బాగుంటాదక్కా" అన్నాడు.

ఇన్నేళ్ళుగా ఎవరూ చూడటం లేదని ఏ పని గురించి కుమిలిపోయానో, దాన్ని అన్నం కూడా మానుకుని నిలబడి చూసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ ఇతనే కావాలా?

అసూయ పోయిందని రాస్తే మీరు నమ్మకండి. హాలు చివర్నుంచి ఎవరో "మస్తానన్నా" అని పిలిచారు. ఫ్యాను తిరగడం లేదట. అతను వైరు ముక్క నా కుర్చీ చేతి మీద పెట్టేసి వెళ్ళాడు. వెళ్తుంటే ఎప్పటిలాగే అందరూ అతన్నే చూశారు. నేనూ చూశాను.